కడలి లోతు – తుపాను బలం

1977 నవంబరు 19వ తేదీని దివిసీమ నేటికీ మరువలేదు. ఆనాడు తుపాను గాలికి తోడై ఎగసిన ఉప్పెన గ్రామాలకు గ్రామాలను ముంచివేసి, సుమారు 10,000 మంది ప్రాణాలను బలిగొన్నది. మన పూర్వకవులు సముద్రపు హద్దును చెలియలికట్ట అన్నారు. కడలి ఎంత ఘోషించినా ఆ కట్టను దాటదని విశ్వసించారు. ఆ విశ్వాసం ఒక్క రోజులో తలక్రిందులైంది.

తుపాను అనగానే మన చూపు ఆకాశం వైపు మళ్లుతుంది. గాలి వేగమెంత, వాన ఎంత, ఏ రేవులో ఎన్నవ నంబరు ప్రమాదసూచిక ఎగురవేశారు అని ఆరా తీస్తాం. కడలిని మాత్రం గాలి ఆడించినట్లల్లా ఆడే కీలుబొమ్మగా భావిస్తాం. ఈ భావన సరికాదు. తుపానుకు బలమిచ్చేదీ, ఆ బలాన్ని హరించేదీ కూడా కడలియే. ఈ సత్యాన్ని గుర్తించనంతవరకు తుపాను గురించి మనకున్న ఎరుక సగమే.

పసిఫిక్ పశ్చిమభాగంలో టైఫూన్, అట్లాంటిక్‌లో హరికేన్, మనకు తుపాను – పేర్లు వేరైనా పుట్టుక ఒకటే. సముద్రపు పైనీటి ఉష్ణోగ్రత సుమారు 26.5 డిగ్రీల సెల్సియస్‌కు మించినచోట ఆవిరి పైకెగసి, మేఘంగా మారేటప్పుడు వెలువరించే వేడిమియే తుపానుకు ఆహారం. అయితే ప్రచండమైన గాలులు కడలిని కవ్వంలా చిలికినప్పుడు, అడుగున ఉన్న చల్లని నీరు పైకి వస్తుంది. పైనీరు చల్లబడగానే ఆవిరి తగ్గి, తుపాను నీరసిస్తుంది. తాను కూర్చున్న కొమ్మను తానే నరుక్కోవడమంటే ఇదే. పాలకడలిని చిలికితే మొదట హాలాహలం పుట్టిందని పురాణం. ఈ మథనంలో పుట్టే చల్లదనం మాత్రం తీరవాసుల పాలిటి అమృతం.

తీరానికి సమీపంలో ఈ మథనం మరింత విచిత్రంగా సాగుతుంది. 2011 ఆగస్టులో ఐరీన్ అనే హరికేన్ అమెరికా తూర్పుతీరం వెంట పయనించింది. వేసవిలో అక్కడి తీరజలాలలో పైన పలుచని వెచ్చని పొర, అడుగున చలికాలం నుండి నిలిచిన శీతలజలం ఉంటాయి. తుపాను ముందుభాగపు గాలులు పైనీటిని ఒడ్డువైపు నెట్టాయి. ఒడ్డు అడ్డుకోగా అడుగునీరు నడికడలివైపు మళ్లింది. ఎదురెదురుగా సాగిన ఆ ప్రవాహాల ఒరిపిడికి చల్లని నీరు పైనీటిలో కలిసింది. తుపాను కన్ను రాకముందే కడలి చల్లబడింది. నీటిలో మునుగుతూ తేలుతూ సంచరించే ఒక పరికరం ఈ మార్పును నమోదు చేసింది. వరదనష్టం తప్పకపోయినా, ఐరీన్ గాలులు ముందు అంచనా వేసినంత తీవ్రంగా లేకపోవడానికి ఇది ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు తేల్చారు. అదే సంవత్సరం చైనా, కొరియాల నడుమ ఉన్న పసుపు సముద్రంలో ముయిఫా అనే టైఫూన్ విషయంలోనూ ఇటువంటి మార్పే కనిపించింది.

మన బంగాళాఖాతం స్వభావం వేరు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ, మయన్మార్‌లోని ఐరావతి వర్షకాలంలో అపారమైన మంచినీటిని తెచ్చి కడలిలో కలుపుతాయి. ఉప్పునీటి కన్నా తేలికైన ఆ నీరు పైన పొరగా పరచుకొంటుంది. దానికీ, లోతున ఉన్న చల్లని నీటికీ మధ్య వెచ్చని ఉప్పునీరు అడ్డుగోడగా నిలుస్తుంది. గాలి ఎంత చిలికినా చల్లదనం సులువుగా పైకి రాదు. అందుచేత వర్షకాలం తరువాత వచ్చే తుపానులు బలం తగ్గకుండా తీరాన్ని తాకే ప్రమాదం ఎక్కువ. దానికితోడు, లోతు తక్కువైన తీరజలాలలో గాలి నెట్టుకువచ్చిన నీరు మరలిపోయే దారిలేక ఉప్పెనగా పేరుకుంటుంది. మన పొలాలకు ప్రాణం పోసే నదులే తుపాను ఆకలికి కూడా అన్నం పెడుతున్నాయన్నమాట!

1999లో ఒడిశాను ముంచిన మహాతుపాను సుమారు 10,000 మందిని పొట్టనబెట్టుకొన్నది. 2013లో అదే తీరాన్ని ఫైలిన్ తుపాను తాకింది. సుమారు పది లక్షల మందిని ముందుగానే తరలించడంతో మృతుల సంఖ్య పదులకే పరిమితమైంది. హెచ్చరిక విలువ ఎంతటిదో దీనివల్ల తెలుస్తున్నది. కాని తుపాను ఎక్కడ తీరం దాటుతుందో చెప్పడంలో సాధించినంత ప్రగతిని, ఎంత బలంతో దాటుతుందో చెప్పడంలో ఇంకా సాధించలేదు. ఆ రహస్యంలో కొంతభాగం కడలి లోతులలో దాగి ఉంది.

సముద్రంలో పరికరాలు తేలవేసే ధనంతో నాలుగు తుపాను ఆశ్రయభవనాలు కట్టరాదా అని కొందరు ప్రశ్నించవచ్చు. భవనాలు అవసరమే. అయితే అవి నడచివచ్చిన వారినే కాపాడగలవు. హెచ్చరికను నమ్మితేనే జనం ఇల్లు, గొడ్డు, వల విడిచి వస్తారు. బలహీనమైన తుపానును భీకరమని చెబితే మరొకసారి కదలరు. భీకరమైనదానిని స్వల్పమని చెబితే ప్రాణాలే పోతాయి. కనుక నమ్మదగిన అంచనా కూడా ఒక ఆశ్రయమే.

1999లో హైదరాబాదులో నెలకొన్న భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం ఈ దిశలో కృషి చేస్తున్నది. ఆర్గో అనే తేలియాడే పరికరాలు 2,000 మీటర్ల లోతు వరకు నీటి ఉష్ణోగ్రతను, లవణీయతను కొలుస్తున్నాయి. కాని అవి ప్రధానంగా నడికడలికి ఉద్దేశించినవి. తుపాను చివరి గడియలు గడిచే తీరజలాలపై పరిశీలన మరింత విస్తరించాలి. భూగోళంపై పేరుకుంటున్న అదనపు వేడిలో 90 శాతానికి పైగా మహాసముద్రాలే గ్రహిస్తున్న ఈ కాలంలో అది తక్షణ కర్తవ్యం.

కడలి తనంతట తాను హద్దులో నిలుస్తుందని నమ్మి కూర్చునే కాలం కాదిది. దాని లోతును ఎరిగి, దాని పోకడను ముందుగా పసిగట్టడమే నేటి మానవుడు కట్టుకోదగిన చెలియలికట్ట. ఆ కట్టకు రాళ్లెత్తే బాధ్యత నేటి విద్యార్థులది.