ఏ పేటలో నుండవలెను?

మాచర్ల దాటి నాగార్జునసాగరమునకు బోవు మార్గమున ఎత్తిపోతల యను జలపాతము గలదు. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు అను మూడు పాయలు గలిసి యచ్చట దాదాపు 70 అడుగుల యెత్తునుండి లోయలోనికి దుముకును. యతులు తపస్సు చేసిన తలమగుటచే ఆ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. సేద్యగాండ్ర వాడుకలో మాత్రము ఎత్తిపోతల యనగా పల్లపు నీటిని మెరకకు దోడి పోయుట. ఈ ప్రాంతపు బిడ్డలను గూర్చి తలచునపుడు మాకు ఆ రెండవ యర్థమే మనసున మెదలుచుండును. కంది, మిరప, పత్తి పండించి తల్లిదండ్రులును, పాఠములు చెప్పి ఉపాధ్యాయులును వారిని పైకెత్తుచున్నారు. చదువు ముగియగానే సంచి భుజమున వైచికొని వారు హైదరాబాదు బస్సెక్కుచున్నారు. ఎత్తుటకు మనము పడుచున్న శ్రమలో, వారు పోయి పడు చోటు ఎట్టిదని విచారించుటకు పదియవ వంతైనను పడుచున్నామా యన్నది నేటి ప్రశ్న.

పూర్వపు తరమునకు ఈ చింత లేకుండెను. 1955 డిసెంబరు 10వ తేదీన జవాహర్‌లాల్ నెహ్రూ సాగరమునకు శంకుస్థాపన చేసిన పిమ్మట, ఆ పనికై వచ్చిన ఉద్యోగులకు ఈ కొండలనడుమ కాలనీలు వెలసినవి. ఆవలి యొడ్డున హిల్ కాలనీ, పైలాన్ కాలనీ, ఈవలి యొడ్డున విజయపురి సౌత్ నేటికిని ఆ పేర్లతోనే యున్నవి. ఉద్యోగమును ఇచ్చిన సర్కారే నివాసమును గూడ చూపెను. నేటి ఉద్యోగపు కాగితములో జీతము, చేరవలసిన తేదీ యుండును గాని, తల దాచుకొను తావు ఉండదు. ఇరువదిరెండేండ్ల యువకుడో యువతియో ఎఱుగని మహానగరమున, రెండుమూడు దినములలో, మితమైన ధనముతో, తన జీవితమునందలి కొన్ని సంవత్సరముల గతిని నిర్ణయించుకొనవలసి వచ్చుచున్నది. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నది పాత సామెత. అద్దెకు ఇల్లు వెదకి చూడు అని దానికి మరియొక పాదము నేడు చేర్పవలసియున్నది.

ఇల్లు నెన్నుకొనుటకంటె ముందు పేట నెన్నుకొనవలెను. గోడల రంగు బాగుగనున్నదా, వంటగది విశాలముగనున్నదా యని చూచువారు పెక్కుమంది గలరు. అద్దెకున్నవాడు గోడల నడుమ నిదురించునంతసేపే యుండును. తక్కిన కాలమంతయు పేటలో నుండును. ఊరిని ఎన్నుకొను విధమును మన సుమతీ శతకకారుడు ఒక చిన్న కందములో ఎన్నడో చెప్పియున్నాడు. అప్పు పుట్టవలెను, వైద్యుడు ఉండవలెను, ఎడతెగని నీరుండవలెను, విద్యావంతుడుండవలెను. ఇవి కొఱవడిన చోటికి పోవలదని ఆయన హెచ్చరిక. మన పాఠశాలలలో ఆ పద్యమును వల్లె వేయించి ప్రతిపదార్థము చెప్పి విడిచిపెట్టుచున్నాము. అద్దె యింటికై తిరుగువానికి అంతకు మించిన కొలబద్ద లేదని చెప్పుటయే మఱచితిమి.

మొదట నీటిని గూర్చి. సాగరము వెనుక జలములను పుట్టంగండి వద్ద తోడి, అక్కంపల్లి జలాశయము మీదుగా, 2004 నుండి హైదరాబాదునకు పంపుచున్నారు. మన కృష్ణ మనకంటె ముందే పట్టణము చేరినదన్నమాట. ఐనను ఆ నీరు ప్రతి వీథికిని ఒకే తీరుగ చేరదు. కొన్ని పేటలలో కొళాయి యుండును. కొన్నిట బోరుబావియే దిక్కు. వేసవి రాగానే ట్యాంకరు కొఱకు ఎదురుచూపు. కావున ఇల్లు చూపించువానిని అడుగుటతో తృప్తిపడరాదు. వీథి చివర ఇస్త్రీబండివానిని, చిల్లరకొట్టువానిని, పై అంతస్తునందలి గృహిణిని అడుగవలెను. నీరు ఎన్నిదినముల కొకసారి వచ్చును? మేనెలలో ట్యాంకరు ఖర్చు ఎవరిది? అద్దెతోపాటు మెయింటెనెన్సు పేర నెలకు ఎంత? ఈ మూడు ప్రశ్నలకు ప్రత్యుత్తరము రాని యింటికి అడ్వాన్సు ఇయ్యరాదు.

నీరు లేకుండుట ఒక కష్టము. నీరు లోనికి వచ్చుట అంతకు మించిన కష్టము. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచినది. 2020 అక్టోబరులో కురిసిన వానకు ఆ నగరముననే చెరువుల క్రిందను, నాలాల ప్రక్కను వెలసిన కాలనీలు మునిగినవి. 2024 సెప్టెంబరు మొదటివారమున బుడమేరునకు గండ్లు పడి, విజయవాడలో అజిత్‌సింగ్‌నగరు, పాయకాపురము మున్నగు పేటలు దినముల తరబడి నీట నిలిచినవి. అచ్చట నున్నవారిలో అనేకులు పెద్ద అద్దెలు భరింపలేని కష్టజీవులే. అద్దె పల్లముననున్నదన్న, నేలయు పల్లముననున్నదేమో యని విచారింపవలెను. వర్షము కురిసిన మరునాడు వెళ్లి చూచినచో గోడలమీది చెమ్మగీత ఎవరు చెప్పని సత్యమును చెప్పును.

వైద్యుని మాట క్లుప్తముగ చాలును. జ్వరము వచ్చిన అర్ధరాత్రి ఒంటరిగ నున్న కుఱ్ఱవాడు నడచి పోగల దూరమున ఆసుపత్రియో, కనీసము మందుల దుకాణమో యున్నదా యని చూడవలెను. హైదరాబాదులో 2018లో ఆరంభమైన బస్తీ దవాఖానాలు పేదపేటలకు కొంత యాసరా అయినవి. చేరిన మొదటి వారముననే దగ్గరిదేదో కనుగొని యుంచుకొనుట మేలు.

విద్యావంతుని మాట మాత్రము ఉపాధ్యాయులమైన మనకు మిక్కిలి దగ్గరిది. హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమును చూచినవారికి ఆ చుట్టునున్న అశోకనగరు వీథుల సంగతి తెలియును. గ్రూపు పరీక్షలకు చదువుకొను బీద విద్యార్థులు ఆ గ్రంథాలయపు నీడ కొఱకే ఇరుకుగదులలో ముగ్గురు నలుగురు చేరి కాపురముందురు. వారు ఎన్నుకొన్నది గదిని గాదు, గ్రంథాలయమును. 1901లో స్థాపింపబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము సుల్తానుబజారున నేటికిని నిలిచియున్నది. అఫ్జల్‌గంజిలో ఆసఫియా గ్రంథాలయముగా పేరొందిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమున్నది. ఉద్యోగము దొరకిన పిమ్మటగూడ ఆదివారము నాడు పోయి కూర్చుండుటకు పుస్తకముల చోటొకటి దాపున నుండుట, ఒంటరి జీవునకు బంధువుల యిల్లు దాపున నుండుట వంటిది.

ఇక అప్పిచ్చువాడు. దీనిని చూచి విద్యార్థులు నవ్వుదురు. ఫోనులో వ్రేలు మోపినంతనే అప్పు ఇచ్చి, పిమ్మట పరువు దీయువారు నేడు వేలు గలరు. శతకకారుడు చెప్పినది వారిని గాదు. ముఖము నెఱిగి, జీతము ఆలస్యమైన నెలలో బియ్యము, పప్పు ఖాతాలో వ్రాసి ఇచ్చు చిల్లరకొట్టువాడు ఆయన చెప్పిన అప్పిచ్చువాడు. అట్టి నమ్మకము పుట్టుటకు ఒకే పేటలో కొంతకాలము నిలుకడగ నుండవలెను. పదకొండు నెలల కొకసారి పెట్టె బేడా సర్దుకొనువానికి ఖాతా పుట్టదు.

ఈ పదకొండు నెలలకు గూడ ఒక కారణము గలదు. సంవత్సరమునకు మించిన కౌలు ఒప్పందమును రిజిస్టరు చేయవలెనని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము విధించుచున్నది. ఆ వ్యయము తప్పించుకొనుటకే పదకొండు నెలల కాగితము వాడుకలోనికి వచ్చినది. ఎన్ని నెలలైనను కాగితము ఉండవలసినదే. నివాసగృహమునకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిటు తీసికొనరాదని 2021లో కేంద్రప్రభుత్వము రాష్ట్రముల కొఱకు రూపొందించిన నమూనా చట్టము చెప్పుచున్నది. ఇల్లు వదలునాడు రంగుల పేర ఎంత మినహాయింతురో చేరునాడే వ్రాయించుకొనుట ఉభయులకును క్షేమము.

శతకకారుని కాలమున లేని ఐదవ విషయము దూరము. సాగరురోడ్డున ఇబ్రహీంపట్నము మీదుగా వచ్చు బస్సు మనవారిని నగరమునకు ఆగ్నేయదిశను, ఎల్బీనగరు చెంతకు చేర్చును. కావున మన ప్రాంతమువారు వనస్థలిపురము, ఎల్బీనగరు, దిల్‌సుఖ్‌నగరు పరిసరములనే తొలుత వెదకుదురు. పండుగకు ఇంటికి పోవుట సులభమని వారి యూహ. కొత్త కొలువులలో పెక్కు మాదాపూరు, గచ్చిబౌలి వైపున, అనగా నగరపు పడమటి కొనను గలవు. ఏడాదికి నాలుగుమారులు ఎక్కు బస్సుకు దగ్గరగ నుండవలెనా, నెలకు ఇరువదియైదు దినములు పోవు కార్యాలయమునకు దగ్గరగ నుండవలెనా?

ఒక లెక్క వేసి చూతము. నెలకు 36,000 రూపాయల జీతగాడు అద్దె, రాకపోకలు, మెయింటెనెన్సు మూడును గలిపి జీతములో మూడవ వంతు, అనగా 12,000 మించకుండ చూచుకొనవలెననుకొందము. దూరపు పేటలో అద్దె 8,000, ప్రయాణము 2,500, మెయింటెనెన్సు 1,000, మొత్తము 11,500. దగ్గరి పేటలో అద్దె 10,000, ప్రయాణము 500, మెయింటెనెన్సు 1,500, మొత్తము 12,000. అద్దెలో రెండువేల భేదము కానవచ్చినను, నిజమైన భేదము ఐదువందలే. దూరపువాడు రానుపోను దినమునకు మూడు గంటలు వెచ్చించును. దగ్గరివాడు ఒక గంట. ఇరువదియైదు దినములకు భేదము 50 గంటలు. గంట పది రూపాయల చొప్పున తన యౌవనమును అమ్ముకొనుటకు ఒప్పుకొనునంత బీదవాడు ఎవడును లేడు. లెక్క వేయకపోవుటచే అమ్ముకొనుచున్నాడు. 2018 సెప్టెంబరున ఎల్బీనగరు నుండి అమీరుపేట వఱకును, 2019 మార్చిలో అమీరుపేట నుండి హైటెక్‌సిటీ వఱకును మెట్రోరైలు నడచుట మొదలయినది. పడమటి అద్దెలు భరింపలేనివారు ఎఱ్ఱగడ్డ, మూసాపేట వంటి నడిమి పేటలలో స్టేషనుకు నడచిపోగల వీథిని వెదకుకొనవచ్చును.

ఇంతవఱకు చెప్పినది వెదకువాని వివేకమునకు సంబంధించినది. వివేకము మాత్రమే చాలని స్థలమొకటి గలదు.

కొన్నియేండ్ల క్రితము మా శిష్యు డొకడు కొత్త ఉద్యోగములో చేరి, ఇల్లు చూచుటకు మమ్ము తోడు రమ్మనెను. కార్యాలయమునకు అరగంట దూరము, కొళాయి నీరు, వెలుతురుగల రెండు గదులు. మేమడుగవలసినవన్నియు అడిగితిమి. ఇంటి యజమాని వృద్ధుడు, మర్యాదస్థుడు. మజ్జిగ యిచ్చి కూర్చుండబెట్టెను. అంతయు కుదిరినదనుకొను సమయమున, "మీ ఇంటిపేరేమిటి బాబూ?" అని అడిగెను. మావాడు చెప్పెను. "ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు?" అని మరల అడిగెను. దానికిని మావాడు దాచక చెప్పెను. "మా అబ్బాయితో ఒకమాట అనుకుని చెబుతానండీ" అని పెద్దమనిషి లేచెను. మరునాడు ఇల్లు ఇచ్చివేసితిమనిరి. పదిదినముల పిమ్మట మేము ఆ వీథిన బోవుచు చూడగా, టులెట్ బోర్డు అట్లే వ్రేలాడుచుండెను.

"మాస్టారూ, ఆయన్ని మనం నీళ్ల సంగతి అడుగుతున్నంతసేపూ నేను ఆ ఒక్క ప్రశ్న కోసమే చూస్తున్నాను" అని మావాడు నవ్వుచునే యనెను. ఆ నవ్వు మాకు నేటికిని మఱపు రాలేదు. చివరకు ఆతడు గంటన్నర దూరమున ఇంకొక గదిని తీసికొనెను. పైని వేసిన లెక్కలో నెలకు ఏబది గంటలు పోవుచున్నవని చెప్పితిమి గదా! లెక్క తెలియక కొందఱు వానిని పోగొట్టుకొందురు. లెక్క తెలిసియు, ఇంటిపేరు కారణముగ, సుంకమువలె చెల్లించువారు కొందఱు. మతమును బట్టియు, తినుతిండిని బట్టియు, ఒంటరి స్త్రీ యను కారణముచేతను ఇట్లే త్రిప్పి పంపబడువారు గలరు. వీరికి మనము నేర్పు వివేకము ఏమి?

కావున ఈ సంపాదకీయములో కడపటి మాట వెదకువారికి గాదు, ఇచ్చువారికి. నగరములలో ఇండ్లు గట్టి ఒక వాటాను అద్దెకిచ్చు వారిలో ఉపాధ్యాయ వృత్తిలో నున్నవారును, విశ్రాంతి తీసికొన్నవారును తక్కువ గారు. ఒకే బల్లపై కూర్చుండబెట్టి చదువు చెప్పిన చేతులు, ఆ విద్యార్థియే పెరిగి గుమ్మమున నిలిచినపుడు తలుపు మూయరాదు. అద్దె సకాలమున ఇచ్చునా, ఇల్లు శుభ్రముగ నుంచునా యని అడుగుట యజమాని హక్కు, అడుగవలసినదియే. ఊరిలో ఇల్లు ఎటువైపు అని అడుగుట హక్కు గాదు.

ఉద్యోగములో నున్న ఉపాధ్యాయులకు ఇంకొక మనవి. కళాశాల విడుచు సంవత్సరమున ఒక్క గంట దీనికి కేటాయింపుడు. ఆ శతకపద్యమునే తీసికొని, నగరపు పటమును నల్లబల్లపై గీచి, నీరు, దూరము, కాగితము, లెక్క చెప్పుడు. ఆయా నగరములలో స్థిరపడిన పూర్వవిద్యార్థుల పట్టిక యొకటి పాఠశాలలో నుంచుడు. కొత్తగా పోవువానికి మొదటి వారము తోడు తిరుగువాడొకడు దొరకును. ఈ కొండలనుండి దుమికిన నీరు తన దారి తాను వెదకికొని కృష్ణలో గలియును. మన బిడ్డలకు దారి చూపుట మాత్రము మన పని.