గేటు అదే, యజమాని మారతాడు
జంషెడ్‌పూర్‌లోని భుయ్యాడీహ్ బస్తీల నుంచి పొద్దుటి షిఫ్టుకు బయల్దేరే కాంట్రాక్టు కుర్రాళ్ల గేట్‌పాస్‌లు చూడండి: పనిచేసేది ఉక్కు కర్మాగారంలో, యజమానిగా ఉండేది కాంట్రాక్టరు పేరు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చి ఈ ఊళ్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో పెద్దవాళ్లు పర్మినెంటు పడేదాకా ఆగమంటారు. నేను ఆగొద్దంటాను. మాంద్యం తర్వాత ఆర్డర్లు నిలుస్తాయో లేదోనన్న భయంతో కంపెనీలు ముందు తెరిచేది కాంట్రాక్టు తలుపే. ఖాళీగా కూర్చున్న రెండేళ్లలో వెల్డరు చేతి నైపుణ్యం పోతుంది. అయితే జీతం కన్నా ముందు అడగాల్సింది ఒకటుంది: నా సర్వీసు ఎవరి ఖాతాలో పడుతుంది? టెండరు మారితే కాంట్రాక్టరు మారతాడు. మనిషి అదే, మెషీనూ అదే, సర్వీసు మాత్రం మళ్లీ మొదటి రోజు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం ఒకే యజమాని దగ్గర ఐదేళ్లు అడిగింది; ఇలా పదేళ్లు చెమటోడ్చినా ఆ ఐదు నిండకపోవచ్చు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ నిర్ణీతకాల ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ హక్కు ఇచ్చింది. అందుకే కంపెనీ నేరుగా రెండేళ్లకు రాసిచ్చే నిర్ణీతకాల కాగితం, కాంట్రాక్టరు నోటిమాట రెండూ తాత్కాలికమే అయినా నా లెక్కలో ఒకటి కావు. నెలకు రెండు వేలు తగ్గినా మొదటిదే పట్టుకోమంటాను. పీఎఫ్‌కు 2014 నుంచి యజమాని మారినా మారని యూఏఎన్ నంబరు ఉంది. సర్వీసునూ అలాగే గేటును బట్టి లెక్కించాలి. టెండరు షరతుల్లో ఒక్క వాక్యం చేర్చి ఆ పని కంపెనీలే మొదలుపెట్టవచ్చు.