ఓడినవారు చదివే తీర్పు

రావులపాలెం అరటి మార్కెట్టులో తెల్లవారేసరికే గెలలు దిగుతాయి. కర్పూర, చక్కెరకేళి, అమృతపాణి, బొంత రకాలు అక్కడి నుండి లారీలకెక్కి ఒడిశా, తమిళనాడు వైపు సాగిపోతాయి. నోటిమాటపైనా చిన్న చీటీపైనా కుదిరే బేరాలు ఇక్కడ కొత్త కాదు. తగవు వస్తే ఇరువురూ నమ్మే పెద్దమనిషి వద్దకు వెళ్ళడం కూడా పాత ఆనవాయితీయే.

కొన్నేళ్ళ క్రితం అటువంటి తగవులో మమ్మల్నీ మరొక పెద్దనూ కూర్చోబెట్టారు. దారిలో లారీ చెడి, రెండు రోజులు ఆగి, కాయ మగ్గిపోయింది. కొన్నవారు సగం సొమ్ము ఆపారు. పంపినవారు పూర్తి సొమ్ము అడిగారు. మేము ఓపికగా విన్నాము. నష్టం చెరిసగం భరించాలని నాలుగు పంక్తులు వ్రాసి సంతకాలు చేశాము. న్యాయంగానే తోచింది. పంపినవారు ఆ కాగితం రెండుసార్లు చదువుకొని, “లారీ కుదిర్చింది వారేనని చెప్పానుగదండీ, ఆ మాట ఇందులో ఎక్కడుందండీ?” అని అడిగారు. మేము సమాధానం చెప్పలేకపోయాము. ఆ మాట మేము విన్నమాట నిజం. కాని విన్నట్లు కాగితంలో ఎక్కడా లేదు.

హజ్రత్ అలీ (రజి)ని న్యాయనిర్ణేతగా యమన్‌కు పంపినప్పుడు, మొదటివారి మాట విన్నట్లే రెండవవారి మాటా వినేవరకు తీర్పు చెప్పవద్దని దైవప్రవక్త (సఅసం) బోధించారు. విన్నామని ఓడినవారికి తెలిసేది ఎలా? వ్రాసిన కారణాల ద్వారానే. ఉస్మానియా పాలకులు 1869-1876 మధ్య వెలువరించిన ‘మజల్లా’ న్యాయస్మృతిలోని 1827వ నిబంధన ప్రకారం న్యాయమూర్తి తన తీర్పును కారణాలతో సహా వ్రాసి ఇవ్వాలి.

మన దేశపు 1996 నాటి మధ్యవర్తిత్వ చట్టం తీసి చూస్తే మా తప్పులు వరుసగా కనిపించాయి. మధ్యవర్తుల సంఖ్య సరిసంఖ్య కారాదని 10వ సెక్షను అంటుంది. మేము ఇద్దరం. మధ్యవర్తికి అప్పగించే ఒప్పందం వ్రాతపూర్వకంగా ఉండాలని 7వ సెక్షను అంటుంది. మాకు ఉన్నది నోటిమాటే. అప్పును వ్రాసుకోమనే బఖరా సూరా 282వ ఆయతును పిల్లలకు బోధించే మేము ఇది మరచాము! అంటే మా కాగితం చట్టం దృష్టిలో తీర్పే కాదు, సలహా మాత్రమే.

అన్నిటికంటె మమ్మల్ని ఆలోచింపజేసినది 28వ సెక్షను. ఇరుపక్షాలు స్పష్టంగా అధికారమిస్తే తప్ప, మధ్యవర్తి తనకు ఉచితమని తోచినట్లు తీర్చరాదు. ఒప్పందాన్నీ చట్టాన్నీ అనుసరించాలి. “చెరిసగం” మన రచ్చబండల ఇష్టమైన మాట. ఇరువురూ ఒప్పుకుంటే అది రాజీ. 30వ సెక్షను కింద దానిని తీర్పుగా వ్రాయవచ్చు, కారణాలూ అక్కరలేదు. ఒప్పుకోనివారి మీద కారణం లేకుండా రుద్దితే అది రాజీ కాదు, న్యాయమూ కాదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 39వ సెక్షను ప్రకారం, కొన్నవారికి పంపవలసిన సరుకును రవాణాదారుకు అప్పగిస్తే, వేరే రుజువు లేనంతవరకు అది కొన్నవారికి అప్పగించినట్లే. పైగా లారీ వారే కుదిర్చారు. ఆ రోజు ఈ ఒక్క పేరా వ్రాయడానికి కూర్చున్నా, మా కలం “చెరిసగం” వద్ద ఆగిపోయి ఉండేది.

వ్రాసే పద్ధతి కష్టమేమీ కాదు. ఎవరు ఏమి అడిగారు, ఇరువురూ ఒప్పుకున్నదేమిటి, మిగిలిన వివాదం ఏమిటి అన్నవి ముందు విడదీయాలి. ప్రతి వివాదాంశం కింద ఇరువురి వాదన, చూపిన చీటీ, దేనిని ఎందుకు నమ్మామో వ్రాయాలి. ఆ తరువాతే లెక్క. చివర తేదీ, స్థలం, సంతకాలు. సంతకం చేసిన ప్రతి ఇరువురికీ అందాలి, ఎందుకంటే కోర్టులో సవాలు చేసే మూడు నెలల గడువు అది అందిన రోజు నుండే మొదలవుతుంది.

వడ్డీని గురించి మన పాఠకులు ప్రత్యేకంగా గమనించాలి. తీర్పు మౌనంగా ఉంటే, చెల్లించవలసిన సొమ్ముపై తీర్పు తేదీ నుండి, అమలులో ఉన్న రేటు కంటే 2 శాతం అధికంగా వడ్డీ పడుతుందని 31వ సెక్షను చెబుతుంది. వద్దనుకునేవారు ఆ మాట ఒప్పందంలోనే పెట్టుకొని, తీర్పులోనూ వ్రాయించుకోవాలి.

ఇటీవల మరొక తగవుకు పిలుపు వచ్చింది. ఈసారి ముందు ఒప్పందపత్రం అడిగాము, మూడవవారిని కూర్చోబెట్టాము. తీర్పు నాలుగు పుటలైంది. ఓడినవారు మూడవ పుట వద్ద ఆగి, పన్నెండు గెలలు రెండుసార్లు లెక్కలోకి వచ్చాయని వేలుపెట్టి చూపారు. నిజమే. ఇటువంటి లెక్క తప్పులు దిద్దమని ప్రతి అందిన 30 రోజులలోగా కోరే వీలు 33వ సెక్షను ఇస్తుంది. ఎదుటిపక్షానికి తెలియజేసి, ఆ సాయంత్రమే దిద్ది, కొత్త ప్రతులు ఇద్దరికీ ఇచ్చాము.