కారణం తొలగనిదే కషాయం ఫలించదు

గృహవైద్య పత్రికలో రాయదగిన మాట కాదని కొందరు పాఠకులు భావించవచ్చు. అయినా చెప్పక తప్పదు. కాలుష్యం వల్ల కలిగే బాధలకు వంటింటి చిట్కా కోరుతూ వచ్చే జాబులు నాకు ఏటేటా అధికమవుతున్నవి. బొగ్గు లారీలు తిరిగే రహదారి పక్కన నివసించే ఒక గృహిణి, తన ఆరేళ్ల కుమారునికి నెలన్నరగా పొడిదగ్గు తగ్గడం లేదనీ, తులసి, మిరియాల కషాయం ఏ పాళ్లలో ఇవ్వాలో తెలుపవలసిందనీ రాసింది. పాళ్లు రాసి పంపడం ఎంత పని? ఇరవై ఏళ్లపాటు నేను చేసినదీ అదే. కషాయం తాగిన బిడ్డ మరుక్షణం ఆ గాలినే పీలుస్తాడన్న సంగతిని నేను వైద్యంలో భాగంగా లెక్కించలేదు. అది నా లోపమే.

చరకసంహిత విమానస్థానంలో మూడవ అధ్యాయానికి జనపదోద్ధ్వంసనీయమని పేరు. గంగాతీరాన కాంపిల్య ప్రాంతంలో పునర్వసు ఆత్రేయుడు శిష్యుడైన అగ్నివేశునికి చేసిన బోధ అది. మనుషుల ప్రకృతి, ఆహారం, బలం, వయస్సు వేరువేరుగా ఉండగా ఒక జనపదమంతా ఒకేసారి ఒకే వ్యాధి పాలు కావడం ఎట్లా అని శిష్యుని సందేహం. వాయువు, జలం, దేశం, కాలం అనే నాలుగూ అందరికీ ఉమ్మడి గనుక, అవి చెడినప్పుడు ఎవరి పథ్యం వారిని కాపాడలేదని గురువు సమాధానం. వీటిలో గాలి కంటె నీటిని, నీటి కంటె నేలను, నేల కంటె కాలాన్ని తప్పించుకోవడం కష్టమని కూడా ఆయన వివరించాడు. నేటి పాఠ్యపుస్తకాలు చెప్పే శబ్ద కాలుష్యాన్ని మన శాస్త్రం చెవికి సంబంధించిన అతియోగంగా వేరొకచోట పరిగణించింది. దానిని ఇక్కడ విడిచిపెడుతున్నాను.

మా ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు ప్రాంతానికి ఈ నాలుగూ వర్తిస్తాయి. ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. పాల్వంచలో థర్మల్ విద్యుత్తు 1966లో ఆరంభమైంది. అక్కడి పాత యూనిట్లు 2020 నాటికి మూతపడగా వాటి కూలింగ్ టవర్లను 2024లో కూల్చివేశారు. తరువాతి యూనిట్లు పనిచేస్తూనే ఉన్నవి. మణుగూరు, సత్తుపల్లి వైపు ఓపెన్‌కాస్ట్ గనులు, సారపాకలో కాగితపు కర్మాగారం ఉన్నవి. వీటి వల్లనే మన ఇండ్లలో దీపాలు వెలుగుతున్నవి, వేలాది కుటుంబాలు భోజనం చేస్తున్నవి. నా వద్దకు వచ్చే రోగులలో అనేకులు ఆ జీతాల మీద బ్రతికేవారే. అయితే బొగ్గు మండగా మిగిలే బూడిదలోని అతిసూక్ష్మ రేణువులను ముక్కులోని రోమాలు గాని, శ్లేష్మం గాని పూర్తిగా నిలువరించలేవు. అవి ఊపిరితిత్తుల చివరి అరల వరకు చేరుతాయి. అక్కడికి చేరినదానిని మిరియం బయటకు లాగదు.

పొగ అంతా చిమ్నీల నుంచే వస్తుందనుకోవడమూ పొరపాటే. ఇప్పపూలు ఏరడానికి చెట్ల కింది ఎండుటాకులకు నిప్పు పెట్టే అలవాటు అడవిలో ఉన్నది. పట్టణపు ఇండ్లలో దోమల చుట్టలు, తలుపులు బిగించిన గదిలో సాంబ్రాణి ఉన్నవి. ధూపం మా శాస్త్రంలోనిదే గదా అని అడిగేవారికి నా మనవి ఒక్కటే: ఆయాసపడే బిడ్డకు అదీ పొగే.

జలం విషయానికి వస్తే, 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు, 2022లో జులై మాసంలోనే 71.3 అడుగులకు చేరింది. వరద తీసిన తరువాత బావులలో మురుగు నిలుస్తుంది. అటువంటి నీటికి చిల్లగింజను కుండ లోపలి గోడకు అరగదీసే పద్ధతి పూర్వులది. సుశ్రుతుడు నీటిని తేర్చే వస్తువులలో దీనిని కతకమనే పేరుతో చెప్పాడు. మట్టి అడుగుకు దిగుతుంది, నిజమే. కాని తేరిన నీరంతా శుద్ధజలం కాదు. దానిని మరిగించితేనే క్రిములు నశిస్తాయి. కరిగి ఉన్న లోహాలు, లవణాలు మరిగించినా పోవు సరికదా, నీరు ఇగిరిన కొలదీ చిక్కబడతాయి. ఈ భేదం తెలియక చిల్లగింజనే సర్వరక్షగా చెప్పే వ్యాసాలు చదివినప్పుడు నాకు బాధ కలుగుతుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది నేల. గురుకులంలో మొదటి ఏడాది మాకు మందు నూరడం నేర్పలేదు. మూలిక ఎక్కడ తీయరాదో నేర్పారు. పుట్ట, శ్మశానం, చవుడునేల, అగ్ని సోకిన చోటు, పురుగు తిన్న మొక్క నిషిద్ధం. ఈ జాబితాలో పురుగుమందు లేదు, ఆనాడు అది లేదు గనుక. కొన్నేండ్ల క్రితం నా శిష్యుడొకడు కామెర్ల రోగి కోసం నేల ఉసిరి తెచ్చాడు. పచ్చగా, ఏపుగా ఉన్నది. నలిపి వాసన చూస్తే మందు కంపు. మిరపచేని గట్టు మీద పీకానని చెప్పాడు. కాలేయాన్ని కాపాడవలసిన మొక్కతో కాలేయానికి విషం పోయబోయాము! ఖమ్మం మిర్చికి, పత్తికి పేరుపొందిన సీమ. ఇక్కడి గట్లమీదనే గుంటగలగర, గలిజేరు కూడా పెరుగుతాయి. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో నిషేధించినా పిచికారీలు ఆగలేదు, డబ్బా మీది పేర్లు మారాయి. విదేశాలకు పంపే మూలికా ఔషధాలలో సీసం, పాదరసం, ఆర్సెనిక్, కాడ్మియం పరీక్ష 2006 జనవరి నుంచి తప్పనిసరి. రోడ్డు పక్క కోసి తెచ్చి మన వీధిలో అమ్మే తిప్పతీగకు ఆ పరీక్ష ఎవరు చేస్తున్నారు? భూమి సారం చెడకముందే ఓషధులను సేకరించుకొమ్మని ఆత్రేయుడు అగ్నివేశుని తొందరపెట్టాడు. ఆ మాటలోని తొందర నాకు అరవై దాటిన తరువాత గాని అర్థం కాలేదు.

నివారణకు మన శాస్త్రంలో నిదాన పరివర్జనమని పేరు, అనగా కారణాన్ని తొలగించడం. చికిత్సలో అదే మొదటిది. ఆత్రేయుడు ఈ చెడుగుకు మూలం ప్రజ్ఞాపరాధమన్నాడు. మొదటి దోషం దేశాన్నీ నగరాలనూ ఏలే పెద్దలదనీ, వారిని ఆశ్రయించినవారు, వర్తకులు దానిని పెంచుతారనీ వివరించాడు. చట్టాలు లేకపోలేదు. జల చట్టం 1974లో, వాయు చట్టం 1981లో, భోపాల్ ఘోరం తరువాత పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లో వచ్చాయి. బూడిదను ఇటుకలకు, సిమెంటుకు వినియోగించాలని 1999లోనే కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. పెద్ద గనికి, కర్మాగారానికి అనుమతికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. మా ప్రాంతంలో అటువంటి సభ జరిగిన రోజున నేను వెళ్లలేదు, రోగులు వేచి ఉన్నారని. ఆ రోగులలో సగం మంది దగ్గుతోనే వచ్చారు.

ఆ గృహిణికి జాబు రాశాను. బిడ్డను ముందు ఛాతీ వైద్యునికి చూపించమన్నాను, నెల దాటిన దగ్గు చిట్కాలతో జాప్యం చేయదగినది కాదు గనుక. పడకను రహదారి వైపు గది నుంచి మార్చి, ఇల్లు పొడిగా ఊడ్వక తడిగుడ్డతో తుడవమనీ, లారీలకు టార్పాలిన్ కప్పించేందుకు, రోడ్డు తడిపించేందుకు వీధివారందరి సంతకాలతో పంచాయతీకీ, కాలుష్య నియంత్రణ మండలికీ అర్జీ పెట్టమనీ చెప్పాను. అర్జీ నకలు నాకు పంపితే నేనూ సంతకం చేస్తానన్నాను. నాలుగు తులసి ఆకులు, ఒక మిరియం, గ్లాసు నీరు పావు గ్లాసు అయ్యేవరకు కాచి గోరువెచ్చగా ఇవ్వవచ్చునని చివరి పంక్తిలో రాశాను.