ప్లాన్ గీసేది ఎవరు?



ఇబ్రహీంపట్నంలో ఎటు తిరిగినా థర్మల్ చిమ్నీలు కనిపిస్తాయి. అక్కడ మొదటి యూనిట్ 1979లో మొదలైంది. ఆ కట్టుబడిలో తట్టలు మోశామని మా కాలనీ పెద్దలు ఇప్పటికీ చెబుతారు. డ్రాయింగ్ కాగితం మాత్రం వాళ్లలో ఒక్కరూ చూడలేదు. గీసేవాడొకడు, మోసేవాడొకడు. కులం పనిని పంచి ఊరుకోదు, పనిచేసే మనుషుల్నే విడగొడుతుందని బాబాసాహెబ్ 1936లోనే తేల్చి చెప్పారు. ఆ మాట చెప్పిన మనిషే 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబరుగా కూర్చుని నీళ్లకీ కరెంటుకీ దేశం ప్లాన్ గీసినవాళ్లలో ఒకరయ్యారు. దామోదర్ లోయ పథకం వెనక ఆయన ఉన్నారు. మన ఫ్లెక్సీల మీద ఈ సంగతి ఎందుకో రాయం.

చిమ్నీ నుంచి కంప్యూటర్‌కి వస్తాను. మూడు నెలలుగా ఆదివారం సాయంత్రాలు మా కమ్యూనిటీ హాల్లో ఎనిమిది మంది పిల్లలు కూర్చుంటున్నారు. డిప్లొమా వాళ్లు, బీటెక్ వాళ్లు, ఒకమ్మాయి బీకాం కంప్యూటర్స్. ఒక యాప్ చేస్తున్నారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ పడలేదని కాలేజీలు సర్టిఫికెట్లు ఆపేసిన పిల్లలు ఎంతమంది, ఎన్నాళ్లుగా, ఎంత డబ్బు కోసం? ఈ లెక్క మన దగ్గర లేదు. ధర్నాకి పోయి "చాలామంది సార్" అంటే ఆఫీసరు నవ్వుతాడు.

మొదటి ఆదివారం ఏఐకి ఒక్క ముక్క చెప్పారు, యాప్ రాసిపెట్టమని. పది నిమిషాల్లో రాసింది. స్క్రీను ముచ్చటగా ఉంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. లోపల చూస్తే ఒకటే టేబుల్: పేరు, తండ్రి పేరు, కులం, ఆధార్, ఫోను, కాలేజీ, ఫిర్యాదు. బీకాం అమ్మాయి మెల్లగా అడిగింది. "అన్నా, ఈ లిస్టు కాలేజీవాళ్ల చేతిలో పడితే?"

ఎవరూ మాట్లాడలేదు. ఎదురు తిరిగిన పిల్లల పేర్లు, కులాలతో సహా, వరసగా పేర్చి పెట్టాం. అది మేనేజ్‌మెంట్‌కి పనికొచ్చే యాప్. కోడ్‌లో ఒక్క తప్పూ లేదు, చక్కగా నడుస్తోంది కూడా.

ఏఐ ఇచ్చిన కోడ్‌ని చదవకుండా ముందుకెళ్లిపోవడానికి ఆంద్రే కర్పతి 2025 ఫిబ్రవరిలో "వైబ్ కోడింగ్" అని పేరు పెట్టాడు. వారాంతంలో చేసి పారేసే పనులకి ఫర్వాలేదు అన్నదీ ఆయనే. మన పని అలాంటిది కాదు.

రెండో వారం మొత్తం చెరిపేశాం. ఈసారి తెలుగులోనే రాశారు. కోడ్ రాయొద్దు, మేం చేయాలనుకుంటున్నది ఇదీ, ప్లాన్ చెప్పేముందు నీకు అర్థం కానివి మమ్మల్ని అడుగు అని. క్లాడ్ కోడ్, కర్సర్ లాంటి వాటిలో దీనికోసమే ప్లాన్ మోడ్ ఉంటుంది. ఫైళ్లు చదువుతుంది, ప్లాన్ చెబుతుంది, మనం సరే అనేదాకా కోడ్ ముట్టుకోదు. అది పదకొండు ప్రశ్నలు వేసింది. వాటిలో మాకు తట్టనివి నాలుగున్నాయి: ఎవరు ఏది చూడొచ్చు, ఒకే విద్యార్థి రెండుసార్లు నమోదైతే ఎలా, నెట్ లేనిచోట ఎలా, డేటా ఎన్నాళ్లకి చెరిపేయాలి. ఒప్పుకోవాలి, మంచి ప్రశ్నలు.

కానీ అది అడగనివి మనవి. ఓటీపీతో లాగిన్ అంది. ఆ ఫోను అన్నది కావచ్చు, నాన్నది కావచ్చు, అప్పుడు ఆ అమ్మాయి ఫిర్యాదు ముందు ఇంట్లో తెలుస్తుంది. భయం అనేది దాని ప్లాన్‌లో ఎక్కడా లేదు. పిల్లలు రెండు ఆదివారాలు దానితో వాదించారు. చివరికి ఆధార్ పోయింది. పేరు పోయి చీటీ నంబరు వచ్చింది. కులం లెక్క కావాలి, మనకి అది లేకపోతే ఎట్లా? కానీ మనిషి పక్కన కాకుండా మొత్తం లెక్కగానే ఉంటుంది. ఒక కాలేజీలో ఐదుగురికన్నా తక్కువుంటే ఆ అంకె బయట చూపించదు, ఎవరో తెలిసిపోతుంది కాబట్టి. 2023 డేటా రక్షణ చట్టం కూడా అవసరానికి మించి అడగొద్దనే అంటుంది. ఇదంతా ప్లాన్‌లో నాలుగు వాక్యాల మార్పు. యాప్ జనంలోకి వెళ్లాక ఇదే మార్పు చేయాలంటే అప్పటికే బయటపడ్డ పేర్లని వెనక్కి తేలేం.

ఏఐ మనువాద యంత్రం, ముట్టుకోవద్దు అంటున్న మిత్రులున్నారు. వాళ్ల కోపానికి ఆధారం ఉంది. 2025 అక్టోబరులో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ రాసింది: ఇంగ్లీషు సరిచేయమని ఇచ్చిన దరఖాస్తులో ఒక దళిత పరిశోధకుడి ఇంటిపేరునే చాట్‌జీపీటీ శర్మ అని మార్చేసింది. మనిషి పేరునే మార్చగలిగినది మన టేబుల్‌లో ఏం పెడుతుందో చదవకుండా ఎలా వదిలేస్తాం? అలాగని వాడకుండా కూర్చోలేం. కొందరికి రాత్రి పదకొండింటికి డౌటు అడగడానికి అమెరికాలో బాబాయి ఉంటాడు. మా హాల్లో ఎవరికీ లేడు. సిగ్గుపడకుండా పదిసార్లు అడగడానికి ఇదొకటి దొరికింది.

నా బెంగ వేరే. ప్లాన్ మంచి ఇంగ్లీషులో, హెడ్డింగులతో వచ్చేసరికి మనవాళ్లు పంతులుగారు పెట్టిన ముహూర్తానికి తలూపినట్టు ఊపేస్తున్నారు. అందుకే హాల్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్లాన్ ఒక ఫైలులో ఉంటుంది. పని చిన్న ముక్కలుగా, ప్రతి ముక్క కింద "ఇది అయిందని ఎలా తెలుస్తుంది" అని ఒక లైను. ఒక ముక్క అయ్యాక పరీక్షించి, గిట్‌లో భద్రపరిచి, అప్పుడే రెండోది. ప్లాన్‌ని ఒకరు లేచి తెలుగులో, కంప్యూటర్ తెలియని వాళ్లమ్మకి చెప్పినట్టు చెప్పాలి. చెప్పలేకపోతే కోడ్ లేదు. మొన్న బీటెక్ కుర్రాడు మూడో ముక్క దగ్గర తడబడ్డాడు, ఆ వారం అక్కడే ఆగాం.

తొమ్మిది ముక్కల్లో ఐదు అయ్యాయి. ఆరోది, వాలంటీరు ఫోను పోతే అందులోని లెక్క ఏమవుతుంది అన్నది. ఏఐ రెండు దారులు చెప్పింది. బీకాం అమ్మాయికి రెండూ నచ్చలేదు. ఆదివారం ఐదింటికి కూర్చుంటాం. ల్యాప్‌టాపులు రెండే ఉన్నాయి, ఉన్నవాళ్లు తెచ్చుకోండి.