మామ వోటు ఎక్కడుంది?

పిల్లలూ,

2024 మే 13న లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. మా పటేల్‌గూడ మెదక్ నియోజకవర్గంలోనిది. నేను వోటు వేసి ఇంటికి వస్తున్నాను. ఎండ మండిపోతున్నది. పక్కింటి అబ్బాయి అరుగు మీద కూచుని ఉన్నాడు. నా వేలి మీది సిరాగుర్తు చూసి, "తాతా, మా మామకు వోటు ఉందా?" అని అడిగాడు.

వాడి మామ అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. వెళ్లి పన్నెండేళ్లయింది.

"అక్కడ కూడా ఈ ఏడే ఎన్నికలట గదా! మామ అక్కడ వేస్తాడా, ఇక్కడ వేస్తాడా?" అన్నాడు వాడు.

మా పటాన్‌చెరు ప్రాంతంలో పిల్లల్ని అమెరికా పంపిన ఇళ్లు చాలా ఉన్నాయి. మీ ఊళ్లోనూ ఉండవచ్చు. కనక వాడికి చెప్పిన జవాబే మీకూ చెబుతాను.

అమెరికా అధ్యక్షుణ్ణి ఎన్నుకునే హక్కు ఆ దేశపు పౌరులకే ఉంది. ఉద్యోగం కోసం వీసా మీద వెళ్లినవారికి లేదు. అక్కడ శాశ్వతంగా ఉండటానికి ఇచ్చే అనుమతిని గ్రీన్‌కార్డు అంటారు. అది చేతికి వచ్చినా ఈ వోటు రాదు. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్‌కార్డులలో ఏ ఒక్క దేశం వారికీ సుమారు నూటికి ఏడు మించి ఇవ్వరాదని హద్దు ఉన్నది. మనవాళ్లు చాలామంది. అందుచేత వరస చాలా పొడుగు. పదేళ్లు దాటినా వంతు రానివారు ఉన్నారు. కార్డు వచ్చాక సాధారణంగా మరి ఐదేళ్లు ఆగాలి. ఆ తరవాత పరీక్ష. ఇంగ్లీషు చదవాలి, రాయాలి. ఆ దేశ చరిత్రను గురించీ, ప్రభుత్వాన్ని గురించీ అడిగే ప్రశ్నలకు నోటితో జవాబులు చెప్పాలి. నెగ్గినవారు ప్రమాణం చేసి పౌరులవుతారు.

అయితే అప్పుడు ఇంకొకటి జరుగుతుంది. మన 1955 నాటి పౌరసత్వ చట్టం ప్రకారం, కోరి వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నవారు భారత పౌరులుగా ఉండరు. ఇక్కడి వోటు పోతుంది.

ఒకప్పుడు ఈ పరీక్ష రాసే వీలు కూడా మనవాళ్లకు లేదు. భగత్‌సింగ్ థిండ్ అనే పంజాబీ యువకుడు అమెరికా సైన్యంలో పనిచేశాడు. అయినా భారతీయులు అమెరికా పౌరులు కావడానికి వీలులేదని 1923లో అక్కడి సుప్రీంకోర్టు ఆయన కేసులోనే తీర్పు చెప్పింది. ఆ రోజుల్లోనే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టన్ నగరం చేరారు. ఎన్నో మందుల పరిశోధనలు నడిపి ఆ దేశానికీ, లోకానికీ మేలు చేసిన మహానుభావుడాయన. అటువంటి వారికి కూడా చాలా ఏళ్లపాటు అక్కడ పౌరసత్వానికి దారి లేదు. 1946లో చట్టం మారింది. రెండేళ్లకు, 1948లో, ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు మరొకరి సంగతి చూడండి. కాట్రగడ్డవారి ఆడపడుచు అరుణ 1964లో హైదరాబాదులో పుట్టారు. ఏడేళ్ల వయసులో అమెరికా వెళ్లారు. పెద్దయి ఇంజనీరయ్యారు. 2000లో పౌరసత్వం పొందారు. పదేళ్లకు మేరీలాండ్ రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 2018లో పార్లమెంటు వంటి అక్కడి కాంగ్రెసు సభకు పోవాలని ప్రయత్నించి ఓడిపోయారు. 2022లో మళ్లీ నిలబడి గెలిచి, 2023 జనవరిలో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరుగా ప్రమాణం చేశారు. ఆవిడే అరుణా మిల్లర్.

ఇక ఆ దేశంలో ఎన్నిక ఎట్లా జరుగుతుందో చూద్దాం. నవంబరులో మొదటి సోమవారం తరవాత వచ్చే మంగళవారమే పోలింగు. ఇది 1845లో చేసిన చట్టం. ఆదివారం చర్చికి పోయే రైతులు సోమవారం బండి కట్టుకుని బయలుదేరి, మంగళవారానికి పట్నం చేరాలి గదా! ఆ రోజున దేశమంతటా మనకు మల్లే సెలవు ఉండదు. అందుకని చాలా రాష్ట్రాలలో ముందుగానే వోటు వేయనిస్తారు; టపాలో కూడా పంపనిస్తారు. మన మీటలు ఒక్కరిని ఎన్నుకోవడానికి. అక్కడ బాలెట్ కాగితం బారెడు! అధ్యక్షుడు మొదలు, చాలా చోట్ల న్యాయమూర్తి, షెరీఫు, బడుల కమిటీ సభ్యులు దాకా అందులోనే ఉంటారు.

నాకు నచ్చిన సంగతి మరొకటి. ఇక్కడ పోలింగు గదిలో మాబోటి పంతుళ్లూ, ప్రభుత్వోద్యోగులూ కూచుంటారు. అక్కడ ఆ పని ఎక్కువగా ఇరుగుపొరుగు పౌరులే నేర్చుకుని చేస్తారు. మేరీలాండ్ వంటి అనేక రాష్ట్రాలలో పదహారేళ్ల విద్యార్థులు కూడా చేయవచ్చు. సొంతంగా వోటు వేసే వయసు ఇంకా రాలేదు. అయినా పెద్దల చేత వోటు వేయిస్తారన్నమాట!

"మరి మా మామ సంగతి?" అన్నాడు పిల్లవాడు.

"మీ మామ ఇంకా భారత పౌరుడే. 2011 నుంచి అటువంటివారు కూడా, పాస్‌పోర్టులో ఉన్న ఊరి జాబితాలో పేరు రాయించుకోవచ్చు. కాని వోటు వేయాలంటే పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా ఇక్కడికి రావాలి," అన్నాను.

వాడు కాసేపు ఆలోచించాడు. "అయితే మామ ఎక్కడా వేయడా?"

"ఈసారికి అంతే, నాయనా."

వాడు లేచి లోపలికి పరుగెత్తాడు. "అమ్మా! నువ్వు వేశావా?" అని అడగటం నాకు వినిపించింది. ఆవిడ వంట అయ్యాక చూద్దామనుకుంటున్నదట. ఇంకో పావుగంటకు తల్లీ కొడుకూ గొడుగు వేసుకుని బడివైపు వెళ్లడం నా కిటికీలోనుంచి చూశాను.

పిల్లలూ, ఈ నెల మీకు ఒక పని. మీ ఇంట్లో పద్ధెనిమిదేళ్లు నిండిన వారెందరు? వారిలో ఎందరి పేర్లు వోటర్ల జాబితాలో ఉన్నాయి? లెక్క రాసి ఉంచండి. లేనివారుంటే, ఇంట్లో అందరూ భోజనానికి కూచున్నప్పుడు అడగండి.