గరిట ముట్టని చదువు

2025 మే నెలలో సీబీఎస్ఈ తన పాఠశాలలన్నింటిలో 'షుగర్ బోర్డులు' పెట్టమని ఆదేశించింది. ఏ శీతల పానీయంలో ఎంత చక్కెర ఉందో పిల్లలు గోడమీద చదువుకోవాలట. జూలైలో నూనె బోర్డుల వంతు వచ్చింది. గోడకు మేకు కొట్టి అట్ట తగిలిస్తే దేశం ఆరోగ్యంగా తింటుందన్న నమ్మకం మన పాలకులకు ఎలా కలిగిందో గాని, బోర్డు చదివి పప్పు వండడం నేర్చుకున్న పిల్లవాడు ఇంతవరకు పుట్టలేదు.

విచిత్రమేమిటంటే, ఇదే సీబీఎస్ఈ 2019 మార్చిలో ఇంతకంటే తెలివైన మాట చెప్పింది. కళావిద్యను తప్పనిసరి చేస్తూ, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఆడపిల్లలకూ మగపిల్లలకూ వంట నేర్పాలనీ, పంటల గురించీ గింజల నుంచి నూనె తీసే విధానం గురించీ చెప్పాలనీ సూచించింది. కళావిద్య తప్పనిసరి, వంట మాత్రం సూచన! మన విద్యావ్యవస్థలో సూచనకు ఉండే విలువ ఏమిటో ఉపాధ్యాయులను అడగనక్కరలేదు.

ఈ సూచన ఆచరణలోకి రాకపోవడానికి ఏ సాకూ చెల్లని చోటు ఒకటుంది. అది అండమాన్ నికోబార్ దీవులు. అక్కడ శాసనసభ లేదు. పాఠశాలలు సీబీఎస్ఈ పరిధిలోవి. మధ్యాహ్న భోజనం, అంటే ఇప్పటి పీఎం పోషణ్, ఖర్చు పూర్తిగా కేంద్రానిదే. రాష్ట్ర ప్రభుత్వం సహకరించలేదని నెపం వేయడానికి అసలు రాష్ట్ర ప్రభుత్వమే లేదు.

2011 జనగణన ప్రకారం ఆ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వలస వెళ్లిన కుటుంబాలే వారిలో ఎక్కువ. బియ్యం, పప్పు, ఉల్లిపాయ ఓడల్లో సముద్రం దాటి రావాలి. కానీ చుట్టూ చేప ఉంది, పెరట్లో కొబ్బరి, అరటి, కర్రపెండలం, మునగ ఉన్నాయి. నికోబారీలు పాండనస్ కాయను గంటల తరబడి ఉడికించి, గుజ్జులోని పీచు తీసి ముద్ద కడతారు. రసాయనశాస్త్రం, ఓపిక, తాతల తెలివి మూడూ ఉన్న పాఠం అది. ఢిల్లీలో అచ్చయిన చార్టులో అది కనిపించదు.

ఇక డబ్బు సంగతి. ప్రాథమిక తరగతి పిల్లల భోజన సరుకులకు 2025 మే నుంచి పూటకు 6 రూపాయల 78 పైసలు. వంటమనిషి గౌరవ వేతనానికి కేంద్రం కట్టిన లెక్క 2009 నుంచీ నెలకు 1,000 రూపాయలే, అదీ ఏడాదికి పది నెలలే. అదే దీవుల్లోని గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, కొత్త పట్టణం కట్టడానికి వేసిన అంచనా 72,000 కోట్ల రూపాయలు. పిల్లలకు వంట నేర్పగల మొదటి గురువు ఆ వంటమనిషే. ఆమెను తరగతి గదిలోకి పిలిచి, బోధనకు తగిన వేతనం ఇవ్వమంటే మాత్రం నిధులు లేవంటారు.

నిప్పుతో ప్రమాదం కదా అంటారు. నిజమే. 2004లో కుంభకోణం బడి వంటశాల నుంచి అంటుకున్న మంటల్లో 94 మంది పిల్లలు కాలిపోయారు. ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోను. అయితే ఆ బడి నేరం తాటాకు పైకప్పు, ఇరుకు గదులు, కళ్లు మూసుకున్న అధికారులు. చిన్న తరగతులకు మొలకలు కట్టడం, కూర తరగడం, కొబ్బరి తురమడం చాలు. పొయ్యి పెద్ద తరగతులకు, పెద్దల సమక్షంలో. ఇంగ్లండ్ 2014 నుంచి పద్నాలుగేళ్ల వరకు వంటను పాఠ్యప్రణాళికలో ఉంచింది. జపాన్‌లో 1990ల నుంచి మగపిల్లలకూ గృహశాస్త్రం తప్పనిసరి. మన బడుల్లో 'నిప్పు లేని వంట' పోటీ అంటే బిస్కెట్ మీద చాక్లెట్ పోసి ఫొటో దిగడం! షుగర్ బోర్డు పక్కనే.

మగపిల్లవాడి చేతికి గరిట ఇస్తే ఇంట్లో అమ్మ ఒక్కతే వండాలన్న ఏర్పాటు కదులుతుంది. వివిధ కులాల పిల్లలు ఒకే గిన్నెలో కలిపితే ఊళ్లో కొందరికి మింగుడు పడదు. అభ్యంతరాల అసలు మూలం నిప్పులో కాక అక్కడ ఉందని నా అనుమానం.

జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పది 'బ్యాగు లేని రోజులు' ఇచ్చింది. వాటిలో నాలుగు రోజులు బడి వంటశాలకు కేటాయించడానికి పార్లమెంటు చట్టం అక్కరలేదు. అండమాన్ విద్యాశాఖ ఒక పేజీ ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది.